డిఫెన్స్‌మన్‌ను ఎత్తుతో కొలవొద్దు

సంపాదకులకు నమస్కారం.

ఐస్ హాకీలో డిఫెన్స్‌మన్ (గోల్‌ను కాపాడే రక్షణ ఆటగాడు) అంటే ఆజానుబాహుడై ఉండాలన్న పట్టుదల చాలామంది ప్రతిభను మరుగున పడేస్తోంది. లేన్ హట్సన్‌నే చూడండి. ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే 2022 డ్రాఫ్ట్‌లో 61 మంది ఎంపికయ్యాక గానీ మాంట్రియల్ కెనేడియన్స్ జట్టు అతణ్ని తీసుకోలేదు. పొట్టివాడన్నదే అందరి సందేహం. బోస్టన్ యూనివర్సిటీలో ఆడి వచ్చి, 2024-25లో 82 మ్యాచుల్లో 6 గోల్స్, 60 అసిస్ట్‌లు (సహచరుల గోల్స్‌కు దారితీసిన పాస్‌లు) సాధించాడు. తొలి సీజన్ ఆడే డిఫెన్స్‌మన్ల అసిస్ట్‌లలో లారీ మర్ఫీ 1980-81 రికార్డును సమం చేసి, ఉత్తమ కొత్త ఆటగాడికిచ్చే కాల్డర్ ట్రోఫీ గెలిచాడు.

అంకెలకంటే అతని పాదాలను గమనించాలి. ప్రత్యర్థి గోల్ ఉన్న భాగానికి హద్దైన బ్లూ లైన్ దగ్గర కదలకుండా నిలబడి కొట్టిన షాట్‌ను ఎదుటివాడు సులువుగా అడ్డుకుంటాడు. హట్సన్ మడమలను ఎదురెదురుగా తిప్పి, ఛాతీ గోల్ వైపే ఉంచి, పక్కకు జారుతాడు. పాస్, షాట్, చొరబాటు మూడూ చేతిలో ఉంటాయి. భుజం ఒకవైపు వంచగానే ఎదుటివాడి బరువు అటు ఒరుగుతుంది. ఇతను ఇటు వెళ్తాడు. ఎంత అందమైన ఆట! అయితే అక్కడ పక్ (ఆటలో కొట్టే రబ్బరు బిళ్ల) పోతే వెనక గోల్‌కీపర్ తప్ప దాదాపు ఎవరూ ఉండరు. అందుకే జోడీ డిఫెన్స్‌మన్ కాస్త వెనక్కి తగ్గి ఉండాలి.

రక్షణలోనూ అంతే. గోల్ ముందు తోపులాటలో చిన్నవాడు ఓడతాడు కాబట్టి ప్రత్యర్థిని తన వైపు బ్లూ లైన్ దగ్గరే అడ్డుకోవాలి. ఎదుటివాడికి ఒక స్టిక్ పొడవు దూరంలో ఉండాలి, స్టిక్ బ్లేడ్ మంచు మీద ఉండాలి. దూరం పెరిగితే అతను వేగంతో లోపలికొస్తాడు. అతని వేగంతో తన వేగం కలవకుండా మీదికెళ్తే పక్కనుంచి దాటిపోతాడు.

పిల్లల జట్ల కోచ్‌లు ఎంపిక రోజున ఎత్తు కొలిచే ముందు పాదాల కదలికను, దూరం పాటించే నేర్పును పరీక్షించాలని మా విన్నపం.

ఇట్లు,
ఐస్ హాకీ అభిమాన పాఠకులు