చంటిపిల్లలతో అరకుకి ఒక్కరోజు యాత్ర వద్దు

సంపాదకులు గారికి,

సంక్రాంతి సెలవులు వచ్చాయంటే విశాఖ నుంచి అరకు దారిలో కార్లు బారులు తీరతాయి. చాలా కార్లలో ఏడాది, రెండేళ్ల పిల్లలుంటారు. చీకటితో లేపి, అర్ధరాత్రికి ఇంటికి చేర్చే ఈ ప్రయాణంలో బిడ్డకూ, ఎత్తుకున్న తల్లికీ విశ్రాంతి ఎక్కడిది? మూడేళ్ల లోపు పిల్లలుంటే రెండు రాత్రులు అరకులోనే ఉండండి. రోజుకు ఒక్క చోటు చాలు. పొద్దున పద్మాపురం తోట, మధ్యాహ్నం గదిలో నిద్ర, అంతే. వేడినీళ్లు ఏ వేళల్లో వస్తాయో, మెత్తగా కిచిడీ వండిపెడతారో లేదో గది తీసుకునేముందే ఫోన్లో అడగండి.

శృంగవరపుకోట (ఎస్.కోట) దాటాక ఘాట్ మలుపులు మొదలవుతాయి. రెండేళ్లు నిండని పిల్లలకు ప్రయాణంలో వాంతులు అరుదు, ఆ తర్వాతే ఎక్కువ. కారు తిరుగుతోందని లోపలి చెవి చెబుతుంటే, సెల్‌ఫోన్‌లో బొమ్మలు చూసే కళ్లు కదలడం లేదంటాయి. ఆ తికమకే కడుపులో తిప్పుతుంది. కాబట్టి ఘాట్‌లో ఫోన్ ఇవ్వకండి. కడుపునిండా పాలు పట్టి ఎక్కించకండి, ఖాళీ కడుపుతోనూ వద్దు. ఎస్.కోటకు గంట ముందు ఒక ఇడ్లీ పెడితే సరిపోతుంది. ముందు సీట్లో ఒళ్లో అస్సలు కూర్చోబెట్టొద్దు. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటే ఆ దెబ్బ నేరుగా బిడ్డకే.

నిద్రపోతాడని దగ్గు సిరప్ పట్టేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన సిరప్‌లు నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని 2023లోనే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది.

రైలు మేలే. అయిదేళ్ల లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు, కానీ సీటూ ఉండదు. సీటు కావాలంటే పూర్తి చార్జీ కట్టాలి. దాదాపు నాలుగు గంటలు ఒళ్లో మోసేకంటే కట్టడమే నయం. సొరంగం వచ్చినప్పుడల్లా బోగీ అంతా కేకలు పెడుతుంది, చీకట్లో ఆ అరుపులకు చంటిబిడ్డ ఉలిక్కిపడి గుక్కపట్టి ఏడుస్తుంది. సొరంగం రాగానే చెవులు మూసి గుండెకు హత్తుకోండి. అరిచేవాళ్లు కూడా కాస్త ఆలోచించాలి.

బొర్రా గుహల్లో మెట్లు ఎక్కువ, తడి కూడా. బిడ్డను ఎత్తుకుంటే కాలికింద మెట్టు కనబడదు. ఒకరు బిడ్డతో బయట ఉండి, రెండోవారు చూసి రావడం మంచిది. జనవరి రాత్రుల్లో చలి పది డిగ్రీల లోపుకూ దిగుతుంది. అయినా తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టకండి. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ కలపడంలోనే పొరపాటు జరుగుతుంది. పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసులో సగం ప్యాకెట్ ఒంపితే ఉప్పు ఎక్కువై బిడ్డకు ప్రమాదం. 200 మిల్లీలీటర్ల చిన్న ప్యాకెట్లు తీసుకెళ్తే లెక్క తప్పదు. రెండేళ్ల లోపు బిడ్డకు విరేచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు చెంచాతో పట్టాలి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. తల్లిపాలు ఆపొద్దు. బిడ్డ మగతగా ఉన్నా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పర్యాటక అధికారులకు ఒక విన్నపం. బొర్రా టికెట్ కౌంటరు దగ్గర, ఘాట్‌లో జనం ఆగే వ్యూపాయింట్ల దగ్గర తల్లులు పాలిచ్చేందుకు, బిడ్డను శుభ్రం చేసేందుకు నీళ్లున్న చిన్న గది, దాని దారి చూపే తెలుగు బోర్డు ఈ సెలవులకు ముందే ఏర్పాటు చేయించండి.

— పిల్లల వార్డు నర్సు, విశాఖపట్నం