ట్రీ ఎక్సర్‌సైజుల కొత్త సెట్: మీ పాత కోడ్ ఎక్కడ ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది

ఓకామెల్ అనే ప్రోగ్రామింగ్ భాషకు మా ప్రాక్టీస్ ప్యాక్ కొన్న అందరికీ నమస్కారం. ప్యాక్‌లో ట్రీల (రూటు అనే పై నోడ్ నుంచి కొమ్మలుగా విడిపోతూ డేటాను దాచే నిర్మాణాల) భాగాన్ని మార్చాం. వచ్చే సోమవారం నుంచి డౌన్‌లోడ్ చేసుకునే ఫోల్డర్‌లో కొత్త సెట్టే ఉంటుంది. ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు మళ్లీ ఏమీ కట్టక్కర్లేదు. అయితే ఒక సంగతి ముందే చెప్పాలి: పాత సెట్‌లో పాసైన మీ జవాబుల్లో కొన్ని కొత్త ఫోల్డర్‌లో కంపైల్ కూడా కావు. కంపైలర్ (కోడ్‌ను తనిఖీ చేసి నడిచే ప్రోగ్రాంగా మార్చే సాధనం) సెట్టింగులు బిగించడమే దానికి కారణం.

ఓకామెల్‌లో 8వ వార్నింగ్, మ్యాచ్‌లో (విలువ ఏ రూపంలో ఉంటే ఏం చేయాలో కేసులుగా రాసే చోట) ఏ కేసు వదిలేశారో చూపిస్తుంది. 11వది, పై కేసులు ముందే పట్టేయడం వల్ల ఎప్పటికీ వాడుకలోకి రాని కేసును చూపిస్తుంది. ఈ రెండూ ఇకపై ఎర్రర్లు. మామూలుగా ఆఫ్‌లో ఉండే 4వ వార్నింగ్‌ని కూడా ఆన్ చేసి ఎర్రర్‌గా పెట్టాం. రేపు టైపులో కొత్త కన్‌స్ట్రక్టర్ (ఆ టైపు విలువ తీసుకోగల రూపాల్లో ఒకటి) చేర్చినా కిమ్మనకుండా కంపైలయ్యే మ్యాచ్‌లను పట్టుకునేది ఇదే. చివర్లో అండర్‌స్కోర్ పెట్టి మిగతా కేసులన్నిటినీ ఒకే గాటన కట్టే అలవాటు ఇక్కడ సాగదు. పూర్ణాంకాల మీద, స్ట్రింగుల మీద మ్యాచ్ చేసేటప్పుడు అండర్‌స్కోర్ ఎలాగూ తప్పదు, దానికి అభ్యంతరం లేదు.

ఇంత పట్టు ఎందుకో మూడో ఎక్సర్‌సైజులో తెలుస్తుంది. అది లెక్కల ట్రీ. టైపులో సంఖ్య, చలరాశి, కూడిక, గుణకారం అని నాలుగు కన్‌స్ట్రక్టర్లుంటాయి. సున్నా కలిపినా, ఒకటితో గుణించినా అవతలి వైపున్నది మాత్రమే మిగలాలి, సున్నాతో గుణిస్తే మొత్తం సున్నా కావాలి. అది రాశాక ఐదో కన్‌స్ట్రక్టర్‌గా తీసివేతను చేర్చమంటాం. మీ సింప్లిఫై (సరళం చేసే) ఫంక్షన్ అడుగున "ఇంకేదొచ్చినా వచ్చింది వచ్చినట్టే తిరిగివ్వు" అనే అండర్‌స్కోర్ లైను ఉందనుకోండి. 3 - (0 + 2) ఇస్తే అదే 3 - (0 + 2) బయటికొస్తుంది. లోపలున్న 0 + 2 జోలికి కోడ్ అసలు వెళ్లదు. కంపైలర్ ఏమీ అనదు, విలువ కట్టి చూస్తే 1 సరిగ్గానే వస్తుంది, విలువ ఒక్కటే చూసే టెస్టు పాసవుతుంది. అందుకే కొత్త టెస్టులు జవాబు ట్రీలో నోడ్లు కూడా లెక్కపెడతాయి. పై ఉదాహరణలో 5 నోడ్లు 3కి తగ్గాలి. (3 - 2ని 1 చేయమని అడగడం లేదు, అది తర్వాతి ఎక్సర్‌సైజు.)

ఇదే ఎక్సర్‌సైజులో ఇంకో రెండు చోట్ల కాలు జారుతుంది. మొదటిది వరుస. (x × 0) + yని పైనుంచి చూస్తే కూడికకు ఏ వైపూ సున్నా కనపడదు. నియమం ముందు పెట్టి, పిల్లల్ని తర్వాత సరళం చేస్తే 0 + y మిగిలిపోతుంది. ముందు రెండు కొమ్మల్నీ సరళం చేసి, వచ్చిన ఫలితాల మీద నియమం పెట్టండి. రెండోది తీసివేత. కూడిక నియమాన్ని కాపీ చేసి రెండు వైపులా సున్నాను తీసేస్తే 0 - e కాస్తా e అయిపోతుంది. e - 0కి మాత్రమే ఆ నియమం చెల్లుతుంది.

మేం సూచించే పద్ధతి ఇది: సింప్లిఫైలో ఐదు కన్‌స్ట్రక్టర్లకీ ఐదు లైన్లు విడివిడిగా రాయండి. సున్నా, ఒకటి నియమాలను కూడికకొకటి, గుణకారానికొకటి, తీసివేతకొకటి చిన్న సహాయక ఫంక్షన్లుగా బయట పెట్టండి. ఆ చిన్న ఫంక్షన్లలో "మిగతావి" అనే కేసు న్యాయంగానే కావాలి కాబట్టి, ఆ ఫంక్షన్ వరకే 4వ వార్నింగ్‌ని ఆపే యాట్రిబ్యూట్‌ను (కోడ్‌లోనే కంపైలర్‌కు ఇచ్చే సూచన) స్టార్టర్ ఫైల్లో పెట్టి ఉంచాం. దాన్ని ఫైలు మొత్తానికి మాత్రం పెట్టకండి.

కంపైలర్ అన్నీ పట్టదు, ఇదీ చెప్పాలి. సెర్చ్ ట్రీలో (ప్రతి నోడ్‌కీ ఎడమవైపు చిన్నవి, కుడివైపు పెద్దవి ఉండే ట్రీ) విలువ చేర్చేటప్పుడు, చిన్నదైతే ఎడమ కొమ్మలో చేర్చమని పిలిచి, ఆ ఫలితాన్నే నేరుగా తిరిగిచ్చేస్తే టైపులు చక్కగా కుదురుతాయి, కానీ రూటూ కుడి కొమ్మా మాయమవుతాయి. వచ్చిన కొత్త ఎడమ కొమ్మతో నోడ్‌ను మళ్లీ కట్టి ఇవ్వాలి. అలా కట్టినా ఖర్చు తక్కువే. 1023 నోడ్ల నిండు ట్రీకి 10 అంతస్తులుంటాయి. ఒక విలువ చేరిస్తే దారిలోని 10 నోడ్లు కొత్తగా తయారవుతాయి, విలువకి ఇంకొకటి, మిగతా 1013 పాత ట్రీతో ఉమ్మడిగానే ఉంటాయి.

సెర్చ్ ట్రీ సరైనదేనా అని చూసే ఎక్సర్‌సైజుకు ఇప్పుడు ఒక కొంటె టెస్టు చేర్చాం: రూటు 10, ఎడమ 5, ఆ 5కి కుడి 12. ప్రతి నోడ్‌నీ దాని పిల్లలతోనే పోల్చే కోడ్ దీన్ని ఒప్పేసుకుంటుంది. 12 ఉన్నది 10కి ఎడమవైపు కాబట్టి ఈ ట్రీ తప్పు. కింది హద్దు, పై హద్దు రెండిటినీ ఆప్షన్లుగా (హద్దు ఉండొచ్చు, లేకపోవచ్చు అని చెప్పే టైపు) కిందికి పంపండి. పూర్ణాంకాల్లో అతి చిన్నదాన్నీ అతి పెద్దదాన్నీ హద్దులుగా వాడితే, అవే విలువలు ట్రీలో ఉన్నప్పుడు తప్పుతుంది.

తొలగింపు ఎక్సర్‌సైజుకు మూడు కేసులు చాలు: ఎడమ ఖాళీ, ఎడమ ఉండి కుడి ఖాళీ, రెండూ ఉన్నవి. రెండో, మూడో కేసుల్లో అండర్‌స్కోర్ బదులు నోడ్ కన్‌స్ట్రక్టర్ పేరు రాస్తే 4వ వార్నింగ్ రాదు.

రెడ్-బ్లాక్ ట్రీకి (నోడ్లకు ఎరుపు, నలుపు రంగులిచ్చి, ఎరుపు కింద ఎరుపు రాకుండా చూసే సెర్చ్ ట్రీ) కంప్యూటర్ శాస్త్రవేత్త క్రిస్ ఒకసాకి 1999లో ప్రచురించిన పద్ధతినే ఉంచాం. నల్ల తాత, ఎర్ర బిడ్డ, ఎర్ర మనవడు: ఈ దృశ్యం నాలుగు ఆకారాల్లో వస్తుంది. నాలుగిటినీ ఆర్-ప్యాటర్న్‌తో (ఇదైనా అదైనా సరే అని రాసే కేసు) కలిపి కుడివైపు ఒకే జవాబు రాయొచ్చు: ఎర్ర రూటు, దానికి రెండు నల్ల పిల్లలు. నాలుగు ప్యాటర్న్‌లలోనూ అవే ఏడు పేర్లు ఉండాలి: నాలుగు కొమ్మలు, మూడు విలువలు. రెండు పేర్లు తారుమారైనా కంపైలవుతుంది, క్రమం చెడిపోతుంది. ఐదో కేసులో అండర్‌స్కోర్ ఇక్కడ సబబే, యాట్రిబ్యూట్ ఇచ్చాం. అంతా అయ్యాక రూటును నలుపు చేయడం మరవకండి. ఎర్ర రూటు కింద ఎర్ర బిడ్డ పడితే, పైన నల్ల తాత లేడు కాబట్టి ఏ ప్యాటర్నూ దాన్ని పట్టదు.

పజిళ్లలో ఎనిమిది రాణుల సమస్యను (చదరంగం బల్ల మీద ఎనిమిది రాణుల్ని ఒకదానిపై ఒకటి దాడి చేయకుండా పెట్టడం) ట్రీగా మార్చాం. జవాబులు 92 అని చూసి ఊరుకోకుండా, ట్రీలో నోడ్లెన్నో కూడా అడుగుతాం. ఒక్కో వరుసకు ఒక్కో రాణి చొప్పున, దాడి లేని గడుల్లోనే పెడుతూ పోతే రూటుతో కలిపి 2057 నోడ్లొస్తాయి. పరీక్షించకుండా అన్నీ పెట్టి చివర్లో వడకడితే కోటీ 67 లక్షలకు పైగా అమరికలు చూడాలి. ముందు 4 రాణులతో కాగితం మీద గీయండి: అంతస్తుల వారీగా 1, 4, 6, 4, 2. మీ కోడ్ ఇదే వరుస ఇస్తే ముందుకు వెళ్లండి. 5 రాణులకు 10 జవాబులు, 6కు 4 మాత్రమే. 6 దగ్గర తగ్గిందని కోడ్‌ను అనుమానించకండి. తప్పు ఎక్కువగా వచ్చేది ఐమూలల దగ్గరే: అప్పటిదాకా పెట్టిన రాణుల లిస్టులో మొదటిది (చివరగా పెట్టినది) ఒక వరుస దూరంలో ఉంటుంది, దూరాన్ని 0 నుంచి కాక 1 నుంచి లెక్కించాలి. ఒక్క జవాబే కావాలంటే లిస్టు బదులు సీక్వెన్స్ (అడిగినప్పుడే ఒక్కొక్కటిగా తయారయ్యే వరుస) వాడండి, లిస్టయితే 92 జవాబులూ తయారయ్యాకే మొదటిది చేతికొస్తుంది.

కోడ్ రివ్యూకి వచ్చినవి మేమే స్వయంగా చదువుతాం కాబట్టి కొత్త సెట్‌కి రెండు పనిదినాల బదులు నాలుగు పట్టొచ్చు. ఇంటర్వ్యూల కోసం జావా ట్రీలు సాధన చేసేవాళ్లకు ఈ ప్యాక్ సరిపోదు, ఇందులో నోడ్‌ను ఉన్నచోటే మార్చే పని ఒక్కటీ లేదు. ఆ ఉద్దేశంతో కొని ఇంకా రివ్యూకి ఏమీ పంపనివాళ్లు రాస్తే పూర్తి డబ్బు వెనక్కిస్తాం. పాత సెట్‌లో సగంలో ఉన్నవాళ్లు అందులోనే పూర్తి చేయొచ్చు, ఆ ఫోల్డర్‌ను తీసేయడం లేదు. కోడ్ పంపేటప్పుడు ఏ సెట్‌లోదో ఫైలు మొదటి లైన్లో కామెంట్‌గా రాయండి.