సీటు, లాటరీ, ఫీజు: తెలుగు కుటుంబాలకు ప్రిన్సిపల్ ఉత్తరం

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

వచ్చే విద్యా సంవత్సరానికి దరఖాస్తులు తీసుకోవడం మొదలైంది. ఈ రోజుల్లో మా ఆఫీసు ఫోనుకి తెలుగులో ఎక్కువగా వచ్చే ప్రశ్నలు ఇవి. ఎంట్రెన్స్ టెస్టు ఎలా ఉంటుంది? మేనేజ్‌మెంట్ కోటాలో సీటు దొరుకుతుందా? ఏడాది ఫీజు ఎంత, రెండు విడతల్లో కట్టొచ్చా? హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఎల్‌కేజీ సీటు కోసం తిరిగినవాళ్లు ఇవే అడుగుతారు, అందులో తప్పేమీ లేదు. మన బడిలో మాత్రం టెస్టూ లేదు, కోటా లేదు, ఫీజూ లేదు. పెట్టాలని నాకు అనిపించినా కాలిఫోర్నియా చట్టం ఒప్పుకోదు. అందుకే ఈసారి వార్తాలేఖలో తెలుగు పేజీ మొత్తం ఈ విషయానికే ఇస్తున్నాను.

మనది చార్టర్ స్కూలు. ఆ మాట అనగానే చాలామంది ప్రైవేటు బడి అనుకుంటారు. ఇది పూర్తిగా ప్రభుత్వ బడి. ఈ పద్ధతికి 1991లో మిన్నెసోటా రాష్ట్రం చట్టం చేసింది. మరుసటి ఏడాది, 1992లో, కాలిఫోర్నియా చేసింది. మాకు సొంత బోర్డు ఉంటుంది, పాఠం ఎలా చెప్పాలన్నది కొంతవరకు మేమే నిర్ణయించుకుంటాం. ఖర్చు మాత్రం పన్నుల డబ్బు నుంచే వస్తుంది. అనుమతి కొన్నేళ్లకే ఇస్తారు. గడువు ముగిశాక పనితీరు చూసి పొడిగిస్తారు, బాగాలేకపోతే రద్దు చేస్తారు. లాభం కోసం నడిచే కంపెనీలు చార్టర్ బడులు నడపకూడదని 2019 జులై నుంచి నిషేధం కూడా ఉంది. సీటు అమ్ముకోవడానికి ఇక్కడ ఎవరికీ హక్కు లేదు.

ఇక లాటరీ. సీట్ల కంటే దరఖాస్తులు తక్కువగా వస్తే అడిగిన ప్రతి బిడ్డనూ చేర్చుకోవాలి. ఎక్కువగా వస్తే అందరి ముందూ లాటరీ తీయాలి. మన బడిలో అది కెఫెటేరియాలో, తెర మీద అందరికీ కనిపించేలా జరుగుతుంది. మీరు రాకపోయినా మీ నంబరు పోదు. ఇప్పటికే చదువుతున్న పిల్లలు మళ్లీ లాటరీలోకి రావక్కర్లేదు, కొనసాగుతామని ఫారం ఇస్తే చాలు. ఈ స్కూల్ డిస్ట్రిక్టు పరిధిలో ఉండేవాళ్లకు, ఇక్కడ చదువుతున్న పిల్లల తోబుట్టువులకు, పరిమితంగా సిబ్బంది పిల్లలకు ప్రాధాన్యం ఉంటుంది. అక్క ఇక్కడ చదువుతోంది కాబట్టి తమ్ముడి సీటు ఖాయమని మాత్రం అనుకోకండి. తమ్ముడికి విడిగా దరఖాస్తు పెట్టాలి, గడువులోపు పెట్టాలి. డిస్ట్రిక్టు బయట ఉన్నా, కాలిఫోర్నియాలో ఉంటే చాలు, దరఖాస్తు చేయొచ్చు. వయసు లెక్క సెప్టెంబరు 1. ఆ తేదీకి అయిదేళ్లు నిండితే కిండర్‌గార్టెన్. నాలుగు నిండితే ట్రాన్సిషనల్ కిండర్‌గార్టెన్, అంటే దానికి ముందు ఏడాది తరగతి, ఈ అవకాశం 2025-26 నుంచి నాలుగేళ్లు నిండిన పిల్లలందరికీ వచ్చింది.

ఒకసారి ఒక నాన్నగారు దరఖాస్తుతో పాటు దళసరి ఫైలు తెచ్చారు. ఒలింపియాడ్ మెడల్ జిరాక్స్, అబాకస్ లెవెల్ సర్టిఫికెట్లు, పాత బడి రిపోర్టు కార్డులు, అన్నీ ప్లాస్టిక్ కవర్లలో తేదీల వారీగా సర్ది ఉన్నాయి. మా ఆఫీసులో ఆ ఫైలు తెరవకుండానే తిరిగి ఇచ్చారు. ఆయన మనసు కష్టపెట్టుకున్నారు. అంత శ్రద్ధగా తెచ్చిన కాగితాలు చూడను కూడా చూడలేదంటే ఎవరికైనా బాధే. కానీ చేర్చుకునే ముందు పిల్లల రికార్డులు అడగకూడదన్నది చట్టం. మార్కులూ అంతే, ప్రవర్తన రిపోర్టులూ అంతే. మీరు ఇచ్చినా మేం తీసుకోం. సీటు వచ్చాక ఆ ఫైలు తప్పకుండా తీసుకురండి, టీచరు ఆసక్తిగా చూస్తారు.

ఈ నియమం ఊరికే రాలేదు. 2016లో ఏసీఎల్‌యూ, పబ్లిక్ అడ్వొకేట్స్ అనే పౌరహక్కుల సంస్థలు కాలిఫోర్నియా చార్టర్ బడుల నిబంధనలు చదివి, 250కి పైగా బడుల్లో పిల్లల్ని వడపోసే షరతులు ఉన్నాయని బయటపెట్టాయి. కొన్నిచోట్ల ఇన్ని మార్కులు ఉండాలన్నారు, కొన్నిచోట్ల వ్యాసం రాయమన్నారు, కొన్నిచోట్ల తల్లిదండ్రులు ఇన్ని గంటలు పని చేయాలన్నారు. ఆ తరువాతి ఏళ్లలో చట్టాన్ని బిగించారు. చదువు నేర్పడం మా పని. ఇప్పటికే చదువు వచ్చినవాళ్లను ఏరుకుని, ఫలితాలు బాగున్నాయని చెప్పుకుంటే అది బడి గొప్పతనం కాదు. ఇండియాలోనూ 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ క్యాపిటేషన్ ఫీజును, పిల్లలకూ తల్లిదండ్రులకూ పెట్టే ఇంటర్వ్యూలను నిషేధించింది. ఆ రోజుల్లో ఇంటర్వ్యూ గది బయట మూడేళ్ల బిడ్డతో కూర్చున్నవాళ్లు మీలో ఉండే ఉంటారు. ఇక్కడ ఆ టెన్షన్ అక్కర్లేదు.

అన్నిటికంటే ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇది. మాటలు ఆలస్యంగా వచ్చిన పిల్లలు, ఆటిజం ఉన్న పిల్లలు, పాత బడిలో ఐఈపీ (ప్రత్యేక అవసరాలున్న బిడ్డకు బడి రాసే విద్యా ప్రణాళిక) రాయించుకున్న పిల్లలు మన తెలుగు ఇళ్లలోనూ ఉన్నారు. ఆ సంగతి తెలిస్తే సీటు ఇవ్వరేమోనని కొందరు దాచిపెడుతున్నారు. దయచేసి భయపడకండి. వైకల్యం ఉందని గానీ, చదువులో వెనకబడ్డారని గానీ, ఇంగ్లిష్ రాదని గానీ ఏ బిడ్డనూ కాదనకూడదు, చేరొద్దని సలహా కూడా ఇవ్వకూడదు. దరఖాస్తు ఫారంలో ఆ ప్రశ్నే ఉండదు. సీటు ఖాయమైన రోజునే మాకు చెప్పండి. పాత ఐఈపీలో స్పీచ్ థెరపీ ఉంటే, దానికి సమానమైన సేవ ఇక్కడ ఆలస్యం లేకుండా ఇవ్వాలి. డిసెంబరులో తెలిస్తే ఆ నాలుగు నెలలూ బిడ్డకి తిరిగి రావు.

సీటు వచ్చాక అడిగే కాగితాలు కొన్నే. వయసుకి బర్త్ సర్టిఫికెట్ ఇవ్వొచ్చు, మున్సిపాలిటీ ఇచ్చినదైనా సరే. లేదా పాస్‌పోర్టు. రెండూ లేకపోతే ప్రమాణ పత్రం రాసివ్వండి. చిరునామాకి కరెంటు బిల్లో, అద్దె ఒప్పందమో చాలు. వీసా పేజీ జిరాక్స్ తీసుకురావద్దు. హెచ్-4 వీసా పిల్లలా, గ్రీన్ కార్డు వచ్చిందా లేదా, సోషల్ సెక్యూరిటీ నంబరు ఉందా, ఇవి మేం అడగం. ఏ కాగితాలూ లేని పిల్లలకు కూడా ప్రభుత్వ బడిలో చదువు నిరాకరించకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1982లో ప్లైలర్ కేసులో తేల్చింది.

టీకాల దగ్గరే మనవాళ్లకు ఎక్కువ చిక్కులు వస్తాయి. ఇండియాలో తొమ్మిదో నెలలో వేసే మీజిల్స్ టీకా ఇక్కడి లెక్కలోకి రాదు. ఎంఎంఆర్ రెండు డోసులూ మొదటి పుట్టినరోజు నాడో ఆ తరువాతో వేసినవై ఉండాలి. ఆటలమ్మ టీకా రెండు డోసులు, హెపటైటిస్ బి మూడు కావాలి. పోలియో, డీటీపీ డోసులు కూడా కార్డు మీద తేదీలతో సహా చూపించాలి. అమ్మమ్మగారింట్లో ఉండిపోయిన టీకాల పుస్తకం ఫొటో ఇప్పుడే తెప్పించుకోండి, ఆగస్టులో వెతుక్కోవడం కష్టం. వ్యక్తిగత నమ్మకాల పేరుతో మినహాయింపు 2016 నుంచి లేదు.

ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక ఫారం ఇస్తాం. చాలామంది తెలుగు అని రాయడానికి వెనకాడి ఇంగ్లిష్ అని రాస్తారు. తెలుగు అని రాస్తే సీటుకి ఏమీ కాదు, బిడ్డను కింది తరగతిలో వేయరు. చేరిన 30 రోజుల్లో ఎల్పాక్ అనే ఇంగ్లిష్ పరీక్ష పెడతారు, అంతే. బాగా వస్తే అక్కడితో అయిపోతుంది, రాకపోతే అదనంగా సాయం చేస్తారు. ఇంకో లాభమూ ఉంది. బడిలో 15 శాతం పిల్లల ఇంటి భాష ఒకటే అయితే, ఇంటికి పంపే నోటీసులు ఆ భాషలో కూడా ఉండాలన్నది రాష్ట్రంలో ప్రభుత్వ బడులకు ఉన్న నియమం. మేమూ దాన్నే పాటిస్తాం. ఆ లెక్క ఈ ఫారాల నుంచే వస్తుంది. ఇంగ్లిష్ ఉత్తరం చదవడానికి ఇబ్బందిపడే తాతయ్యలు, నానమ్మలు పిల్లల్ని చూసుకునే ఇళ్లకు ఇది ఎంత అవసరమో మీకే తెలుసు.

ఫీజు సంగతి. 1984లో హార్ట్‌జెల్ కేసులో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, నాటకం, సంగీతం, ఆటలు కూడా చదువులో భాగమేనని, వాటికి డబ్బు తీసుకుంటే రాష్ట్ర రాజ్యాంగం ఇచ్చిన ఉచిత విద్య హామీని కాదన్నట్టేనని చెప్పింది. అయినా కొన్ని బడులు వసూళ్లు ఆపకపోవడంతో 2012లో మరో చట్టం వచ్చి 2013 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అది చార్టర్ బడులకూ వర్తిస్తుంది. రిజిస్ట్రేషన్ ఫీజు, డిపాజిట్, పాఠ్యపుస్తకాల డబ్బు, ల్యాబ్ ఫీజు, బ్యాండ్ వాయిద్యాల అద్దె, టీమ్ యూనిఫాం ఖర్చు, ఏదీ అడగకూడదు. కట్టలేనివాళ్లకు మాఫీ చేస్తామని చెప్పినా ఆ ఫీజు చట్టబద్ధం కాదు. టిష్యూ డబ్బాలు తెచ్చిన పిల్లలకు ఎక్స్‌ట్రా క్రెడిట్ ఇవ్వడం కూడా నిషేధం. ఆగస్టులో పంపే పెన్సిళ్లు, నోటుపుస్తకాల లిస్టు కోరిక మాత్రమే. తేలేకపోతే మేం ఇస్తాం. పొద్దున టిఫిన్, మధ్యాహ్న భోజనం 2022-23 నుంచి రాష్ట్రమంతటా పిల్లలందరికీ ఉచితం.

డబ్బు తీసుకోదగ్గవి కొన్ని ఉన్నాయి. బడి అయ్యాక ఉంచుకునే ఆఫ్టర్ స్కూల్ కేర్‌కి డబ్బు కట్టాలి. ఇయర్‌బుక్ కావాలంటే కొనుక్కోవాలి. ఇచ్చిన పుస్తకం తిరిగి ఇవ్వకపోతే దాని ఖరీదు అడగొచ్చు. ఫీల్డ్ ట్రిప్‌కి విరాళం అడుగుతాం. డబ్బు చాలకపోతే ట్రిప్ అందరికీ రద్దవుతుంది గానీ, ఇవ్వలేదని ఒక్క బిడ్డను బస్సు ఎక్కనివ్వకుండా ఆపం.

పేరెంట్ ఫౌండేషన్ వాళ్లు ఏటా విరాళాలు అడుగుతారు. ఆ డబ్బుతోనే మన సంగీతం టీచరు ఉన్నారు, ఇచ్చినవాళ్లందరికీ నిజంగా రుణపడి ఉన్నాను. కానీ సీటు వచ్చిన వారం చెక్కు తెచ్చి "సీటు కోసం ఎంత ఇవ్వాలండీ" అని అడిగితే మేం తీసుకోం. నాలుగు నెలలు ఆగి, బడి నచ్చితే ఇవ్వండి. ఇవ్వకపోయినా మీ బిడ్డకు తేడా ఏమీ ఉండదు. వాలంటీర్ గంటలూ అంతే, అవి ఎవరికీ తప్పనిసరి కాదు. ఉద్యోగాల ఒత్తిడిలో రాలేకపోతున్నామని ఎవరూ సంజాయిషీ చెప్పక్కర్లేదు.

సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లకు ఒక మాట. కాలిఫోర్నియాలో బడికి డబ్బు రోజువారీ హాజరును బట్టి వస్తుంది, జ్వరమొచ్చి మానేసిన రోజుకి కూడా రాదు. వెళ్లే ముందే ఆఫీసుకి చెప్పి ఇండిపెండెంట్ స్టడీ (బడికి రాకుండా పాఠాలు చేసే) ఒప్పందం రాసుకుంటే బిడ్డ చదువూ ఆగదు, మాకూ నష్టం ఉండదు. చెప్పకుండా వారాల తరబడి రాకపోతే సీటు సంగతి చర్చకు వస్తుంది. అప్పుడైనా సరే, తీసేసే ముందు కనీసం అయిదు బడి రోజుల ముందు, మీ ఇంటి భాషలో, రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. మీ వాదన వినమని అడిగే హక్కు మీకుంది, నిర్ణయం అయ్యేదాకా బిడ్డ బడిలోనే ఉంటుంది.

ఈ నియమాల్లో ఏదైనా మా దగ్గర తప్పిందని అనిపిస్తే నన్ను నేరుగా అడగండి. అడగడానికి మొహమాటమైతే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఫీజుల మీద ఫిర్యాదుకి పేరు కూడా అక్కర్లేదు. 60 రోజుల్లో విచారించి జవాబివ్వాలి, తీసుకున్న డబ్బు తప్పయితే ఆ ఫీజు కట్టిన ప్రతి కుటుంబానికీ తిరిగి ఇవ్వాలి.

దరఖాస్తులకు గడువు జనవరి 31, లాటరీ ఫిబ్రవరిలో. వెయిటింగ్ లిస్టు ఈ ఒక్క ఏడాదికే చెల్లుతుంది, కిందటేడు పేరు ఉన్నవాళ్లు మళ్లీ దరఖాస్తు పెట్టాలి. సీటు వచ్చిందని మెసేజ్ పంపాక మూడు రోజుల్లో జవాబు ఇవ్వండి, లేకపోతే తరువాతి నంబరుకి వెళ్తుంది. ఫోను నంబరు మారితే వెంటనే చెప్పండి. పేపర్ ఫారాలు ఆఫీసులో ఉన్నాయి. మంగళ, గురువారాల్లో పొద్దున పిల్లల్ని దింపే వేళ తెలుగు మాట్లాడేవాళ్లు కౌంటరు దగ్గర ఉంటారు.

ఇట్లు,
మీ ప్రిన్సిపల్