వడ్రంగుల దురద శుభ్రత లేక వచ్చేది కాదు

సంపాదకుడికి,

గతవారం జిల్లా పేజీలో వడ్రంగుల ఆరోగ్య శిబిరం వార్త చదివినప్పటి నుంచీ రాయాలనుకుంటూనే ఉన్నాను. వార్తంతా మళ్లీ చెప్పనక్కర్లేదు, అందరూ చదివారు. అందులో ఒక మాటను మాత్రం ఖండించకుండా ఉండలేను. వేసవి చెమటకు, శుభ్రత లోపానికి ఒంటి మీద దద్దుర్లు వస్తున్నాయని, రోజూ సబ్బుతో స్నానం చేస్తే పోతాయని శిబిరానికి వచ్చిన అధికారి సెలవిచ్చారట. మీ విలేకరి ఎవరినీ అడగకుండా దాన్నే అచ్చు వేశారు. పని నుంచి ఇంటికి రాగానే స్నానం చేయకుండా మంచం ముట్టని మనుషులను పట్టుకుని శుభ్రత లేదనడం అవమానం. పైగా ఆ మాట నమ్మినవాడు ఇంకా గట్టిగా సబ్బు రుద్దుకుంటాడు. పగిలిన చర్మం మరింత పగులుతుంది, కర్ర పొడి మరింత లోపలికి దిగుతుంది.

ఇది కర్ర తెచ్చే ఎలర్జీ. టేకుకు చెద పట్టదని అందరం గొప్పగా చెప్పుకుంటాం. ఆ గుణం తెల్లచెక్కలో లేదు, మాను మధ్యలోని ముదురు చెక్కలో, అంటే చేవలో ఉంది. చేవలోని క్వినోన్ జాతి రసాయనాలు చెదను దూరం పెడతాయి. అదే జాతికి చెందిన లపాకాల్, డీఆక్సీలపాకాల్ మనిషి చర్మానికీ పడవు. వీటిలో రెండోది మరీ ఘాటైనది. ఇరుగుడు, అంటే రోజ్‌వుడ్‌లో డాల్‌బెర్జియోన్లు అనే రసాయనాలు ఉంటాయి, అవీ అంతే. ఏళ్ల తరబడి ఏమీ కాని మేస్త్రికి ఒకరోజు హఠాత్తుగా మొదలవుతుంది. ఒంటికి ఒకసారి ఆ కర్ర శత్రువని తెలిసిపోయాక చిటికెడు పొడి చాలు. "ఇరవై ఏళ్లుగా టేకే కోస్తున్నాను, టేకు వల్ల ఎలా వస్తుంది?" అనే ప్రశ్నకు జవాబు ఇదే.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ రకం ఎలర్జీ వెంటనే కనబడదు. సోమవారం ఇరుగుడు సాండింగ్ చేస్తే పొక్కులు మంగళవారం రాత్రికో బుధవారానికో లేస్తాయి. ఆ బుధవారం చేతిలో ఉన్నది వేపచెక్క అయితే నింద వేప మీద పడుతుంది. ఎక్కడ లేచిందో చూస్తే గుట్టు తెలుస్తుంది. కనురెప్పలు, మెడ చుట్టూ కాలరు గీత, మోచేతి మడత, నడుము దగ్గర బెల్టు కింద, గడియారం పట్టీ కింద, అంటే గాల్లో తేలే పొడి చెమటకు అంటుకుని నిలిచిపోయే చోట్ల. చెమటకాయలకు కనురెప్పలతో పనిలేదు. పండక్కి నాలుగు రోజులు ఊరెళ్తే తగ్గి, షెడ్డులో అడుగుపెట్టిన రెండో రోజుకు తిరగబెడితే ఇక అనుమానమే అక్కర్లేదు. ఆయాసం, పిల్లికూతలు, రాత్రిపూట దగ్గు కూడా ఇదే లెక్కలో చూడాలి.

తాతల కాలంలో ఇంత లేదే అంటారు. చేతి తోపడాతో చిత్రిక పడితే చుట్టలు చుట్టలుగా పొట్టు రాలి నేల మీద పడుతుంది, ముక్కులోకి పోదు. ఇప్పుడు గ్రైండరుకు ఉప్పు కాగితం బిళ్ల బిగించి నిమిషాల్లో తలుపు నునుపు చేస్తున్నారు. ఆ పొడి కంటికి సరిగా ఆనదు, గంటల తరబడి గాల్లో నిలుస్తుంది. నేల మీద కుప్పగా కనిపించే రంపపు పొట్టు కన్నా, వెలుతురు గీతలో మెరిసే ఆ పొడే ప్రమాదం. సాయంత్రం కంప్రెసరు గాలితో బట్టలు దులుపుకోవడం, పొడి చీపురుతో షెడ్డు ఊడ్చడం అయితే పడుకున్న పొడిని లేపి మళ్లీ పీల్చడమే.

సొన సంగతి వార్తలో ఒక్క ముక్క లేదు. మామిడి, జీడిమామిడి, నల్లజీడి ఒకే కుటుంబం. పచ్చి మామిడి మొద్దు కోసేటప్పుడు చేతుల మీద పడ్డ సొన ఆరేదాకా ఊరుకుంటే చర్మం కాలినట్టు అవుతుంది. పలాసలో జీడిపిక్కలు కొట్టేవాళ్ల వేళ్లను తినేసే నూనె కూడా ఈ కుటుంబానిదే. కోరంగి మడ అడవుల్లో తిల్ల చెట్టు వేరే జాతి. దాని పాలు కంట్లో పడితే చూపు మందగిస్తుందని అక్కడి కట్టెలవాళ్లకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. సొన పడితే ఆరకముందే చన్నీళ్లు ధారగా పోసి, సబ్బుతో కడగాలి. పెట్రోలు, థిన్నరు గుడ్డతో తుడిస్తే చర్మం మీది జిడ్డంతా పోయి దెబ్బ పెద్దదవుతుంది.

కర్ర మానేసి, చెక్క నారనూ ముక్కలనూ జిగురుతో అదిమి చేసే ఎండీఎఫ్, పార్టికల్ బోర్డుల పనికి వెళ్లినవాళ్లు తప్పించుకున్నామనుకుంటున్నారు. ఆ బోర్డుల జిగురు యూరియా ఫార్మాల్డిహైడ్. కోసినప్పుడు పొడితోపాటు ఫార్మాల్డిహైడ్ వాయువూ వస్తుంది, కళ్లు మండేది దానికే. ఈ వాయువునూ, కర్ర పొడినీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనిషికి క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. కర్ర పొడిని చేర్చింది 1995లో. ఇన్నేళ్ల తరవాత కూడా మన శిబిరాల్లో మాట్లాడేది సబ్బు గురించి! ఇక రెండు డబ్బాలు కలిపి కొట్టే పీయూ (పాలీయురేథేన్) పాలిష్‌ను గట్టిపరిచే ద్రావణంలో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. అవి ఉబ్బసం తెప్పిస్తాయి, వాటిని పొడి మాస్కు ఏమాత్రం ఆపదు, కనీసం ఆవిరిని పట్టే కార్ట్రిడ్జి ఉన్న మాస్కు కావాలి.

మాస్కంటే ముక్కుకు తువాలు కట్టడం కాదు. ఐఎస్ 9473 అనే భారత ప్రమాణం ముద్ర ఉన్న, సన్నపొడిని ఆపే ఎఫ్‌ఎఫ్‌పీ2 రకం తీసుకుని, ముక్కు దగ్గరి రేకు నొక్కి, పట్టీలు రెండూ వేయాలి. గడ్డం ఉంటే పక్కల నుంచి పొడి దూరుతుంది. చేతి తొడుగులు పంచిపెట్టాలని కూడా వార్తలో రాశారు. తిరిగే రంపం, రౌటరు, డ్రిల్లు దగ్గర తొడుగు వేసుకుంటే అది చుట్టుకుని చేతినే లాగేస్తుంది. తొడుగు పాలిష్ దగ్గరా, సొన కారే మొద్దు మోసేటప్పుడూ వాడాలి. మిషను దగ్గర చేయాల్సింది పొడిని పుట్టినచోటే లాగేయడం. నాలుగంగుళాల గొట్టంలో గాలి సెకనుకు 20 మీటర్ల వేగంతో కదలాలి, అంటే గంటకు దాదాపు 580 ఘనపు మీటర్లు. అంతకన్నా తగ్గితే పొట్టు గొట్టంలోనే పేరుకుపోతుంది. గొట్టం ఎంత పొట్టిగా, వంపులు లేకుండా ఉంటే అంత మేలు. బల్లరంపానికి కింద ఒకటే పెడితే సరిపోదు, పళ్లు పైకి చిమ్మే పొడికి పైనా ఒకటి ఉండాలి. పొడి లాగే చవక మిషన్ల గుడ్డసంచి ముతకగా ఉండి పెద్ద పొట్టు ఉంచుకుని సన్నపొడిని తిరిగి షెడ్డులోకే వదులుతుంది. సంచిని బయట పెట్టాలి, లేదా మంచి ఫిల్టరు వేయాలి. పనిబట్టలు షెడ్డులోనే విప్పి విడిగా ఉతకాలి, ఇంట్లో పిల్లలకు ఆ పొడి ఎందుకు?

ఇవన్నీ అడిగేదెవరు? 1948 ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షన్ పొడిని పుట్టినచోటే లాగేయాలని చెప్పేది. కానీ ఆ చట్టం కరెంటు వాడే చోట పదిమంది ఉంటేనే పట్టించుకునేది. దాని స్థానంలోకి తెచ్చిన 2020 నాటి కార్మిక భద్రతా కోడ్ ఆ పదిని ఇరవై చేసింది. మన ఊళ్లలో వడ్రంగి షెడ్డంటే ముగ్గురు, నలుగురు. వాళ్ల ఊపిరితిత్తులు ఏ చట్టానికీ కనబడవు. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం కింద వడ్రంగికి 15 వేల రూపాయల పనిముట్ల వోచరు ఇస్తున్నారు, సంతోషం. కరెంటు రంపం కొనుక్కోమని చేతికి డబ్బిచ్చే ప్రభుత్వం, దాని పొడిని లాగే పరికరానికి కూడా విడిగా డబ్బివ్వాలి. ఆ పథకం శిక్షణ రోజుల్లో ఒక పూట దీనికే కేటాయించాలి. ఫొటోలు తీయించుకోవడానికి దొరికే సమయం దీనికి ఎందుకు దొరకదు?

శిబిరంలో పంచిన ఆయింట్‌మెంటు మాట కూడా రాయాలి. స్టెరాయిడు, బూజు మందు, యాంటీబయాటిక్ కలిపిన ట్యూబులు మెడికల్ షాపులో చీటీ లేకుండానే దొరుకుతున్నాయి. దురద రెండు రోజుల్లో ఆగుతుంది, కారణం అలాగే ఉంటుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది. చేయాల్సింది ప్యాచ్ టెస్ట్. అనుమానం ఉన్న పదార్థాలను తగిన పాళ్లలో వీపు మీద అంటించి, 48 గంటలకు తీసి చూసి, మళ్లీ మూడో రోజో నాలుగో రోజో చూస్తారు. రంపపు పొట్టును ఎవరికి వారు చర్మానికి అంటించుకుని పరీక్షించుకోకూడదు, లేని ఎలర్జీని తెచ్చుకున్నట్టవుతుంది. ఆయాసం ఉన్నవాళ్లకు ఊపిరి వదిలే వేగం కొలిచే పీక్ ఫ్లో మీటరు ఇచ్చి, రోజుకు కనీసం నాలుగుసార్లు ఊది రాసుకోమనాలి. పనిరోజులూ, సెలవులూ రెండూ ఉండేలా కొన్ని వారాల లెక్క కావాలి. జిల్లా ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో ప్యాచ్ టెస్టుకు వారానికి ఒకరోజు కేటాయించమని కలెక్టరుగారిని కోరుతున్నాను.

అంతవరకూ కనీసం ఓపీ చీటీలో వృత్తి అన్నచోట "కూలి" అని రాసి పక్కన పడేయకుండా, వడ్రంగి అనీ, ఏ కర్ర, ఏ బోర్డు, ఏ పాలిష్ వాడుతున్నాడో అనీ రాయించండి. మీరు కూడా ఆ వార్తకు సవరణ అదే పేజీలో, అదే సైజులో వేయండి.

— ఒక వడ్రంగం శిక్షకుడు,
రాజమహేంద్రవరం