భూరి విరాళాల ఉపసంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల్లో తుఫాను, వరద సాయానికి పెద్ద విరాళాలు సేకరించే పని ఈ ఉపసంఘానిది. జమాఖర్చుల పట్టికను ఆడిటరు సంతకంతో కోశాధికారి విడిగా అందిస్తున్నారు కాబట్టి ఆ అంకెలు ఇక్కడ మళ్ళీ రాయడం లేదు. డబ్బు ఎలా అడగాలి, ఎక్కడ పని చెడుతోంది, వచ్చే ఏడు ఏం మార్చాలి అన్నవే ఇందులో ఉన్నాయి.

అడిగే కాలం

2013లో ఫైలిన్ అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస దగ్గర దాటి గజపతి కొండల మీద విరుచుకుపడింది. మనకు పెద్ద గండం ఎక్కువగా అక్టోబరులోనే. హెచ్చరిక వెలువడ్డాక ఫోన్లు చేస్తే ఐదు వందలూ వెయ్యీ వస్తాయి గాని లక్ష రావు. ఆ మొత్తం ఇవ్వాలంటే ఇంట్లో మాట్లాడుకోవాలి, లెక్క చూసుకోవాలి. అందుకు వ్యవధి కావాలి.

కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో పేర్లు కూర్చుకుని, జూన్‌లో ఒకసారి ఊరికే కలిసి, జూలై, ఆగస్టుల్లో అడగాలి. బట్టల దుకాణాల వాళ్ళు దసరాకి సరుకు దింపుకునే రోజుల్లో వెళ్తే కూర్చోమనడానికి కూడా తీరిక ఉండదు. రైసు మిల్లుల వాళ్ళ డబ్బంతా నవంబరు నుంచి ధాన్యం మీదే తిరుగుతుంది, వాళ్ళని అంతకు ముందే కలవాలి. శుక్రవారం ఇంట్లోంచి డబ్బు బయటికి పంపని ఆచారం మనలో చాలామందికి ఉంది. ఆ రోజు చెక్కు అడగకూడదు.

పేర్ల పట్టిక

ఇరవై లక్షలు కావాలంటే ఇరవై మంది తలా లక్ష ఇస్తారని లెక్క వేసుకోవడం మొదటి పొరపాటు. అలా ఎక్కడా రాదు. మనం వేసుకున్న మెట్లు ఇవి: నాలుగు లక్షలవి 1, రెండు లక్షలవి 2, లక్షవి 4, యాభై వేలవి 8. అంటే పదిహేను మంది నుంచి పదహారు లక్షలు. మిగిలిన నాలుగు లక్షలు సాధారణ చందాల నుంచి. ఒక్కో విరాళానికి కనీసం ముగ్గురి పేర్లు చేతిలో ఉండాలి కాబట్టి నలభై ఐదు పేర్లు కావాలి. పై మెట్టులో కాదన్నవాళ్ళు కింది మెట్టులో ఇవ్వవచ్చు గనుక పైనుంచే మొదలుపెట్టాలి. (లక్ష అంటే మన లెక్కలో లక్షా నూట పదహార్లే. రసీదు పుస్తకంలో ఆ నూట పదహార్లు వదిలేస్తే దాత మనసు కష్టపడుతుంది.)

ప్రతి పేరుకీ మూడు చూడాలి: స్తోమత, మనసు, మనతో చనువు. కార్యవర్గంలో ఎక్కువమంది స్తోమత ఒక్కటే చూసి పేర్లు ఇచ్చారు. మూడంతస్తుల మేడ ఉన్న ప్రతివారూ దాత కారు. పదేళ్ళుగా ఏటా వెయ్యి రూపాయలు తప్పకుండా పంపుతున్న రిటైర్డ్ టీచరమ్మగారి పేరు పట్టికలో పైన ఉండాలి. పాత రసీదు పుస్తకాలు తిరగేస్తేనే ఇలాంటి పేర్లు దొరుకుతాయి.

అడిగే తీరు

ఇద్దరు వెళ్ళాలి. ఒకరు ఆ కుటుంబాన్ని ఎరిగినవారు, మరొకరు లెక్క చెప్పగలవారు. నలుగురైదుగురు వెళ్తే ఊరేగింపులా ఉంటుంది. దుకాణం గల్లా దగ్గర అడగకూడదు. ఇంటికి వెళ్ళాలి, భార్యాభర్తలిద్దరూ, ఎదిగిన పిల్లలుంటే వాళ్ళు కూడా ఉన్నప్పుడు వెళ్ళాలి. ఒక్కరు సరేనన్న మాట ఇంట్లో తిరగబడటం చాలాసార్లు జరిగింది.

మొత్తం చెప్పి అడగాలి. "మీకు తోచినంత ఇవ్వండి" అంటే పెద్దవాళ్ళకి కూడా ఐదు వేలే తోస్తుంది. దానికి బదులు ఇలా అడగాలి: "మీ నాన్నగారి సంవత్సరీకానికి ఆయన పేరిట వంద ఇళ్ళకు టార్పాలిన్లు ఇద్దామని వచ్చామండీ. ఒక్కోటి రెండు వేల చొప్పున రెండు లక్షలవుతుంది." అంతవరకు చెప్పి ఆగాలి. ఆ తర్వాతి నిశ్శబ్దం భరించలేక మనవాళ్ళే "పోనీ, యాభై ఇచ్చినా చాలు" అనేస్తున్నారు. దాత ఇంకా ఆలోచిస్తూ ఉండగానే మనమే లక్షన్నర తగ్గించుకుంటున్నాం. ఈ అలవాటు పూర్తిగా మానాలి.

టార్పాలిన్ గురించి దాతలు అడుగుతారు, తెలిసి చెప్పాలి. అంతర్జాతీయంగా సహాయ సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణాల్లో మనిషికి కనీసం 3.5 చదరపు మీటర్ల నీడ, రోజుకు 15 లీటర్ల నీళ్ళు అని ఉంది. 4 మీటర్లకు 6 మీటర్ల టార్పాలిన్ ఐదుగురున్న ఇంటికి సరిపోతుంది. అంచుల్లో కన్నాలకు రింగులు బిగించి ఉన్నదే కొనాలి. రింగులు లేనివి తాడు కట్టిన చోట చినిగి మొదటి గాలికే పోతాయి. దాత చేతిలో టార్పాలిన్ ముక్క ఒకటి పెట్టి చూపిస్తే పది మాటలు చెప్పే పని తప్పుతుంది.

"మనవాళ్ళకే ఇస్తారు కదా?" అని చాలామంది అడుగుతారు. ఈ మాటకు మెత్తగానే, కానీ తేల్చి చెప్పాలి: ఇల్లు కూలిన ప్రతివారికీ ఇస్తాం. గజపతి కొండల మీది సవరలు, తీరంలోని మత్స్యకారులు, ఒడియావారు, తెలుగువారు, ఎవరైనా సరే. ఒక కులానికో మతానికో పరిమితమైన సంస్థకు 80జి (1961 ఆదాయపు పన్ను చట్టంలో విరాళాలకు పన్ను మినహాయింపు ఇచ్చే సెక్షన్) వర్తించదన్న సంగతి ఎలాగూ ఉంది. అది లేకపోయినా మన పద్ధతి ఇదే. మనవాళ్ళకే అన్న షరతు మీద ఇస్తామన్నవారి డబ్బు తీసుకోకూడదని ఉపసంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది.

పన్ను, రసీదులు

పన్ను మినహాయింపును ముందు పెట్టి అడగడం మానాలి. 2024–25 నిబంధనల ప్రకారం 80జి కింద సగం మొత్తానికి, అదీ ఆదాయంలో పది శాతం పరిమితికి లోబడి మినహాయింపు వస్తుంది. అది పాత పన్ను విధానంలో ఉన్నవారికే. కొత్త విధానంలోకి మారినవారికి రాదు. వస్తుందని చెప్పి తీసుకుంటే మార్చి తర్వాత మాట పడేది మనమే. రెండు వేలకు మించిన నగదుకూ, బియ్యం, బట్టల రూపంలో ఇచ్చినవాటికీ మినహాయింపు లేదు.

రసీదు ఎవరి ఖాతాలోంచి డబ్బు వచ్చిందో వారి పేరు మీదే రాయాలి. దుకాణం ఖాతా నుంచి పంపి, యజమాని సొంత పేరున రసీదు అడగడం మామూలైపోయింది. కుదరదని డబ్బు రాకముందే చెప్పాలి. పాన్ నంబరు అప్పుడే తీసుకోవాలి. దాతల వివరాలు పన్ను శాఖకు తెలిపే ఫారం 10బిడి మే 31లోగా దాఖలు చేయాలి, ఆలస్యమైతే రోజుకు రెండు వందల రుసుము. పాన్‌లో ఒక్క అక్షరం తప్పినా మినహాయింపు కోసం దాతకు మనమిచ్చే 10బిఇ సర్టిఫికెట్ పనికిరాదు, సవరణ వేయాలి.

విదేశాల్లో ఉన్న మన పిల్లల విషయం. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే తీసుకోవచ్చు, పాస్‌పోర్టు నకలు ఫైలులో ఉంచుకోవాలి. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు, భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డున్నా, రూపాయల్లో ఇచ్చినా, అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాలు తీసుకోవడానికి కావలసిన ఎఫ్‌సీఆర్‌ఏ నమోదు మనకు లేదు కాబట్టి తీసుకోలేం. బాధగా ఉన్నా ఇందులో సర్దుబాటు లేదు.

ఇచ్చాక

2024 అక్టోబరు 24 రాత్రి దానా తుఫాను ఉత్తర ఒడిశాలో భితర్‌కనికా, ధామ్రా మధ్య తీరం తాకింది. మన జిల్లాలు తప్పించుకున్నాయి. ఆ వెంటనే "మరి మా డబ్బేమైంది?" అని దాతలు అడిగారు. అడగడం వారి హక్కు, ముందే చెప్పకపోవడం మన లోపం. తుఫాను రాకపోతే డబ్బు ఏమవుతుందో ఇకనుంచి రసీదు వెనకే అచ్చు వేస్తాం: ఆ ఏడాదే టార్పాలిన్లు, బకెట్లు, క్లోరిన్ మాత్రలు కొని నిల్వ చేస్తాం. ధార్మిక సంస్థలు ఏటా ఆదాయంలో 85 శాతం ఖర్చు చూపాలన్న పన్ను నియమానికీ ఇదే సరైన దారి. మిగిలితే గడువులోగా పన్ను శాఖకు ఫారం 10 వేసి, ఎందుకు దాచుకుంటున్నామో చెప్పాలి.

నిల్వ సరుకు నేలకు ఆనకుండా చెక్క పలకల మీద, గోడకు అడుగు దూరంలో ఉంచాలి. ఎలుకలు మడతల్లో చేరి కొరికితే విప్పేదాకా తెలియదు. మూడు నెలలకోసారి విప్పి చూడాలి. క్లోరిన్ మాత్రల గడువు తేదీ పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాయాలి.

విరాళం అందిన రెండు రోజుల్లో, వెళ్ళి అడిగినవారే ఫోన్ చేసి కృతజ్ఞత చెప్పాలి. సరుకు కొన్నాక నెలలోగా ఒక్క పేజీ లెక్క, బిల్లు నకలుతో ఇంటికి అందాలి. సాయం తీసుకునేవారి ముఖాలతో ఫొటోలు కావాలంటే ఇవ్వం. సరుకు ఫొటోలు, ఊరి పేరు, ఇళ్ళ సంఖ్య ఇస్తాం.

10బిఇ సర్టిఫికెట్లు కోశాధికారి దగ్గర సిద్ధంగా ఉన్నాయి. వచ్చే ఏటి పట్టికకు ప్రతి కార్యవర్గ సభ్యుడూ, సభ్యురాలూ మూడు పేర్లు, ఒక్కోదానికి స్తోమత, మనసు, చనువు ఒక్కో వాక్యంలో రాసి ఈ మహాసభ ముగిసేలోగా ఇవ్వగలరు.