సిలిండర్ పెట్టుకోమన్నారు సరే, బిగించే సంగతేంటి?

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం మీ పేపర్లో మొదటిసారి ట్రాక్ డేకి, అంటే సొంత కారుని రేస్ ట్రాక్ మీద నడిపే రోజుకి, వెళ్లేవాళ్ల కోసం వేసిన వ్యాసం చదివాను, బాగుంది, హెల్మెట్ గురించి బ్రేక్ ఫ్లూయిడ్ గురించి టైర్లలో గాలి గురించి చక్కగా చెప్పారు, కానీ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ (మంటలార్పే సిలిండర్) దగ్గరికొచ్చేసరికి "కార్లో ఒకటి పెట్టుకోండి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నా పేచీ అంతా ఆ "పెట్టుకోండి" తోనే. పెట్టుకోవడం కాదండీ, బిగించుకోవాలి. వదులుగా ఉన్న సిలిండర్ కంటే అసలు లేకపోవడమే నయం అంటాను నేను, ఎందుకో చెప్తా.

నేను మొదటిసారి ట్రాక్ మీదకి వెళ్లినప్పుడు సిలిండర్‌తో పాటు డబ్బాలో వచ్చిన ప్లాస్టిక్ క్లిప్పునే నా సీటు ముందు రెండు స్క్రూలతో కొట్టేశా. మూడు నెలలు రోడ్డు మీద తిరిగినా కదల్లేదు, ఇంకేం కదులుతుందిలే అని ధీమా. రెండో సెషన్లో పెద్ద స్ట్రెయిట్ చివర గట్టిగా బ్రేక్ కొట్టానో లేదో టప్ మని చప్పుడు, కాలి మడమకి ఏదో బరువుగా తగిలింది. చూద్దామంటే హెల్మెట్ వల్ల తల వంగదు, అదేంటో అర్థమయ్యేలోపే మలుపు వచ్చేసింది, నా అదృష్టం బాగుండి అది దొర్లుకుంటూ క్లచ్ వైపు పోయి ఆగింది గానీ బ్రేక్ పెడల్ కిందకి దూరి ఉంటే ఈ లెటర్ ఉండేది కాదు. చెయ్యెత్తి మెల్లగా ట్రాక్ పక్కన కార్లు ఆపే పిట్స్‌లోకి వచ్చి చూస్తే స్క్రూలు నిక్షేపంలా ఉన్నాయి, క్లిప్పు చెవే విరిగింది.

అది ఉత్త బ్రేకింగే, మామూలు టైర్ల మీద ఎంత తొక్కినా 1 జీ అటూ ఇటూ, అంటే వస్తువు దాదాపు తన బరువంత బలంతో ముందుకి తోస్తుంది. గుద్దుకుంటే లెక్క వేరు. రేసుల కోసం అంతర్జాతీయ మోటార్ రేసింగ్ సంస్థ ఎఫ్ఐఏ పెట్టిన రూల్స్‌లో సిలిండర్ బిగింపు 25 జీ తట్టుకోవాలని ఉంది. 2 కేజీల పౌడర్ సిలిండర్ అంటాం గానీ డబ్బా, వాల్వ్ కలుపుకుని మూడున్నర కేజీలు ఉందనుకోండి, 25తో గుణిస్తే 87 కేజీలు దాటింది, అంటే ఒక భారీ మనిషి బరువుని ఆ ప్లాస్టిక్ ముక్క ఆపాలన్నమాట! అందుకే అక్కడ కనీసం రెండు మెటల్ పట్టీలు ఉండాలి, చేత్తో టక్కున ఊడదీసేలా ఉండాలి, సిలిండర్ పట్టీల్లోంచి నిలువునా జారి బయటికి దూసుకుపోకుండా అడ్డు ట్యాబులు కూడా ఉండాలి అంటారు, వాటి పేరే యాంటీ టార్పిడో ట్యాబ్స్. ట్రాక్ డేకి ఈ రూల్స్ పెట్టకపోవచ్చు, కానీ గుద్దుకున్న గోడకి అది రేసో ట్రాక్ డేనో తెలీదు కదా.

ఇక ఎక్కడ బిగించాలి అంటే, నేనైతే పక్క సీటు ముందు బోల్టులకే ఓటేస్తా. సీటుని మనిషితో సహా ఆపడానికి కంపెనీవాడు వేసిన బోల్టులు అవి, వాటి మీదుగా అడ్డంగా ఒక మెటల్ బ్రాకెట్ వేసి దాని మీద సిలిండర్‌ని అడ్డంగానే పడుకోబెట్టాలి, ముందుకి పొడుగ్గా పెడితే ఎదురుగా గుద్దినప్పుడు పట్టీల్లోంచి తూటాలా వెళ్తుంది. ఒక చిక్కుంది, బ్రాకెట్ మందం వల్ల బోల్టు ఆ మేరకు తక్కువ లోపలికి దిగుతుంది, కాబట్టి అదే గ్రేడులో కాస్త పొడుగు బోల్టు వేసి బిగింపు ఎంతో కొలిచే టార్క్ రెంచితో కంపెనీ చెప్పినంతే బిగించాలి. సీటు కింద పసుపు కనెక్టర్ కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్‌ది, బ్యాటరీ తీయకుండా దాని జోలికి పోవద్దు. సీటు పూర్తిగా ముందుకీ వెనక్కీ జరిపి చూస్తే ఎక్కడ తగులుతుందో తెలుస్తుంది.

ఫ్లోర్‌కే బిగించాలంటే రేకు కింద వెడల్పాటి ప్లేటు వేసి బోల్టు పైనుంచి కిందకి పంపి నట్టుతో బిగించాలి, అదీ కారు ఎత్తి కింద పెట్రోల్ పైపు, బ్రేక్ పైపు ఎటుగా వెళ్తున్నాయో చూసుకున్నాకే డ్రిల్ పెట్టాలి. రేకులోకి నేరుగా స్క్రూలు, ప్లాస్టిక్ ట్యాగులు, వెల్క్రో పట్టీలు ఇవన్నీ నా దృష్టిలో దారంతో ఏనుగుని కట్టడమే.

బిగించాక ఒక పని తప్పకుండా చేయండి. హెల్మెట్, గ్లవ్స్ వేసుకుని బెల్ట్ పెట్టుకుని కళ్లు మూసుకుని సిలిండర్ తీయండి. నేను మొదటిసారి చేసినప్పుడు పట్టీ లీవర్ అవతలి డోరు వైపు ఉంది, గ్లవ్ వేసిన వేళ్లు దాని చుట్టూ తడుముతూనే ఉన్నాయి, బెల్ట్ తీసి వంగితే తప్ప అందలేదు. ఆ రోజే విప్పి అటుది ఇటు తిప్పి బిగించా. పిన్ను, దాని సీలు మాత్రం కదపకూడదు. నిజంగా మంట లేస్తే ముందు కారు ఆపి మనం బయటపడాలి, సిలిండర్ సంగతి తర్వాత, 2 కేజీలది పది సెకన్లు అటూ ఇటూగా ఖాళీ అయిపోతుంది.

వణుకుడుకి లోపల పౌడర్ అడుగున గట్టిగా పేరుకుంటుంది కాబట్టి ట్రాక్‌కి వెళ్లే ముందు తీసి తలకిందులు చేసి ఊపి, ప్రెజర్ మీటర్ ముల్లు పచ్చ గీతలో ఉందా చూసి మళ్లీ పెట్టుకోవాలి. రెండేళ్లకోసారి సర్వీసుకి ఇవ్వాలి.

మళ్లీ ఎప్పుడైనా ఆ వ్యాసం వేస్తే సీటు బోల్టుల దగ్గర బ్రాకెట్ ఎలా కూర్చుంటుందో దగ్గర్నుంచి తీసిన ఫొటో ఒకటి వేయండి. సిలిండర్ ఫొటో అక్కర్లేదు, అది ఎలా ఉంటుందో అందరికీ తెలుసు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు