శీనుగాడికి, ఆ డాన్సు గురించి

ఒరేయ్ శీనూ,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకో. అందరం కులాసా, అమ్మ మోకాలు నయం, చిన్నదాని పరీక్షలైపోయాయి. ఇక నువ్వడిగిన ఆ సినిమా డాన్సు సంగతి!

ఇటాలియన్ డైరెక్టరు విస్కాంతి తీసిన ‘ది లెపర్డ్’ (1963) మళ్ళీ చూడు, అదే, బర్ట్ లాంకాస్టర్ సిసిలీ ప్రిన్స్‌గా వేసింది. చివరి ముప్పావుగంట మాత్రం మన ఇంటర్వెల్ మామలా టీకని లేచిపోకు. అదంతా ఒక్క డాన్సు విందే, 1862 నాటి పలెర్మో ఊళ్ళో, సిసిలీలో. సినిమాకి మూలమైన లాంపెదూసా నవలలో ఎనిమిది భాగాలుంటే ఇది ఆరోది. తర్వాతి రెండూ, అంటే 1883లో ప్రిన్స్ చావు, 1910లో ముసలివాళ్ళైన కూతుళ్ళు, సినిమాలో లేనే లేవు. ఆ చావునంతా ఈ విందులోకే దించేశాడు మహానుభావుడు! చిత్రకారుడు గ్రూజ్ వేసిన చావు బొమ్మ ముందు ప్రిన్స్ నిలబడి, పోయేవాడి దుప్పట్లు ఇంత శుభ్రంగా ఉంటాయా అనుకుంటాడే... ఇంకాసేపటికి మూత్రపాత్రలు నిండిన గది. నవ్వకు, అది నీ సీనే.

తీసింది సెట్లో కాదు, నిజంగా పలెర్మోలోని పలాజ్జో గాంజీ అనే మహల్లోనే. కొవ్వొత్తులూ నిజమైనవే. తంటా అక్కడే. అప్పటి కలర్ నెగటివ్ వేగం, అంటే వెలుగుని పట్టే శక్తి, 50 ఏఎస్ఏ మాత్రమే, కొవ్వొత్తి వెలుగు దానికి ఏ మూలకి? పైగా తీసింది టెక్నిరామా అనే పెద్ద ఫ్రేము పద్ధతిలో: ఫిల్ము అడ్డంగా నడుస్తుంది, ఒక్కో ఫ్రేముకి అంచున ఎనిమిది రంధ్రాలు. గ్రెయిన్ (బొమ్మలో గరుకు చుక్కలు) తగ్గుతుంది, కానీ ఫోకస్ లోతు కూడా తగ్గుతుంది. లోతు కావాలంటే లెన్సులో వెలుగొచ్చే దారి చిన్నది చేయాలి, చేస్తే ఇంకా దీపాలు పెట్టాలి. కెమెరామన్ రోతున్నో అలాగే పెట్టాడు. దీపాల వేడి, కొవ్వొత్తుల వేడి, సిసిలీ ఎండ, మీద పియెరో తోసి కుట్టించిన బరువైన దుస్తులు. అందుకే షూటింగు రాత్రిళ్ళు. కొవ్వొత్తి కరిగిపోతే షాటుకీ షాటుకీ పొడవు కలవదు, కాబట్టి మార్చుతూనే ఉండాలి.

విందులో, ప్రిన్స్ మేనల్లుడు టాంక్రెదీకి కాబోయే భార్య అంజేలికా, ప్రిన్స్‌ని తనతో మజుర్కా అనే గెంతుల డాన్సు చేయమంటుంది. ఆ గెంతులు నా వయసుకి కావు, వాల్ట్స్ అయితే సరే అంటాడు ప్రిన్స్. ఆ వాల్ట్స్ సంగీతం ఒపెరాల వెర్ది పియానోకి రాసింది, అచ్చుకాకుండా ఉండిపోయింది. దాన్ని సినిమా సంగీత దర్శకుడు నీనో రోతా ఆర్కెస్ట్రాకి మార్చాడు. మూడు నిమిషాలు కూడా ఉండదు, మిగతావాళ్ళంతా ఆగి చూస్తుంటారు, అబ్బ! లాంకాస్టర్ నడుమైనా వంచడు.

చూసేది 185 నిమిషాల ఇటాలియన్ ప్రతే. 161 నిమిషాల ఇంగ్లీషు దాన్లో లాంకాస్టర్ సొంత గొంతుంది నిజమే, కానీ కోతలు ఎక్కువ, రంగులు కూడా వెలిసినట్టుంటాయి. ఇటాలియన్‌లో ఆయనకి గొంతిచ్చింది కొర్రాదో గాయిపా, ఆ ముఖానికి అదే అతుకుతుంది. నువ్వు ఒప్పుకోవులే, డబ్బింగంటే నీకు ఒళ్ళు మంట కదా.

టాంక్రెదీ కంటి కట్టు సంగతి చెప్పనేలేదు, అదింకా పెద్ద... పోస్టు తీసే వేళైంది, ఉంటానురా.

నీ
బుజ్జి